నల్లబడ్డ ఆకు అడుగున: విశాఖ పెరటి చెట్లపై తెల్లదోమ, దాని సహజ శత్రువులు

విశాఖపట్నంలో చెట్టు ఆకు నల్లబడితే అనుమానం ముందుగా పోర్టు మీదికే పోతుంది. బొగ్గు, ఇనుప ఖనిజం గుట్టలుగా పోసి ఎత్తే రేవు ఊరిని ఆనుకునే ఉంది. పాతనగరంలో, జ్ఞానాపురంలో కిటికీ ఊచల మీద, మేడపై ఆరేసిన బట్టల మీద నల్లటి పొడి పేరుకోవడం అక్కడివారికి కొత్త కాదు. అందుకే పెరటి జామచెట్టో ప్రహరీ పక్కన కొబ్బరిచెట్టో మసి పూసినట్టు కనిపిస్తే గాలి పాడైపోయిందని అనుకుని ఊరుకుంటారు. ఆ గాలి మీద ఫిర్యాదు న్యాయమైనదే. కానీ సీతమ్మధార పెరళ్లలోనో, రేవుకు ఎంతో దూరాన ఉన్న ఆనందపురం తోటల్లోనో అదే నలుపు కనిపించినప్పుడు కారణాన్ని వేరేచోట వెతకాలి.

తేడా తెలుసుకోవడం కష్టం కాదు. తడి వేలితో రుద్దితే దుమ్ము బురదలా చెదిరి వేలికి అంటుకుంటుంది, అడుగున ఆకు శుభ్రంగా బయటపడుతుంది. మసి తెగులు అలా పోదు. పలచని నల్ల కాగితంలా పెచ్చులుగా లేస్తుంది, వేలికి జిగురు తగులుతుంది. చెట్టు కింద నిలిపిన స్కూటరు సీటు కూడా బంకబంకగా ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. పై ఆకుల అడుగున గుంపులుగా కూర్చున్న పురుగులు విసర్జించిన తీపి ద్రవం అది. మామిడి రైతులకు బాగా తెలిసిన తేనెమంచు వంటిదే. గాలిలో తిరిగే మసి శిలీంధ్రపు బీజాలు ఆ తీపి మీద పడి మొలిచి, ఆకును నల్లగా కప్పేస్తాయి. ఈ శిలీంధ్రం ఆకు లోపలికి చొరబడదు, ఆకును తినదు. ఎండను అడ్డుకుని ఆకును ఆకలితో మాడుస్తుంది. కొబ్బరిచెట్టు నీడలో ఉన్న మల్లెపొద మీద పురుగు ఒక్కటి లేకపోయినా ఆకులు నల్లబడటానికి కారణం కూడా ఇదే, పైనుంచి చుక్కచుక్కగా కారిన తేనెమంచు. అలాంటప్పుడు చాలామంది మల్లెపొదకు మందు కొడతారు. రోగం పైన ఉంటే వైద్యం కింద జరుగుతుంది.

ఆ పైనున్న పురుగే తెల్లదోమ. పేరులో దోమ ఉన్నా అది దోమ కాదు, ఈగ కూడా కాదు. పేనుబంక, పిండినల్లి, పొలుసు పురుగుల చుట్టం. సూదిలాంటి నోటిని ఆకు ఈనెల్లో గుచ్చి రసం పీలుస్తుంది. ఆ రసంలో చక్కెర ఎక్కువ, ఒంటికి కావలసిన పోషకాలు తక్కువ. కావలసిన కొంచెం కోసం బోలెడంత తాగాలి, మిగిలిన చక్కెరను బయటికి వదలాలి. తేనెమంచు పుట్టుక అంతే.

దీని జీవితంలో మనకు పనికొచ్చే అసలు విషయం మరొకటి ఉంది. గుడ్డు పగిలి వచ్చిన పిల్ల కొద్దిసేపు ఆకు మీద పాకుతుంది. నచ్చిన చోటు దొరగ్గానే నోరు గుచ్చి కూర్చుంటుంది. ఆపైన రెక్కలు వచ్చేదాకా అక్కడినుంచి కదలదు. నాలుగు పిల్లదశల్లో చివరిదాన్ని కోశస్థ దశ అంటారు. అప్పటికి ఒంటిచుట్టూ మైనపు పోగులు, తెల్లటి పొడి పేరుకుని ఉంటాయి. ఆ మైనం మీద మందు నీళ్లు జారిపోతాయి. పిచికారీ మందుకు లొంగకుండా ఈ పురుగును కాపాడేది ఆ కవచమే. పారిపోలేకపోవడమే దాని బలహీనత. ఒక చోట కట్టేసినట్టు కూర్చున్న ప్రాణిని వెతికి పట్టుకునే శత్రువులు ప్రకృతిలో ఎప్పటినుంచో ఉన్నాయి.

విశాఖలో ఇప్పుడు పండ్లచెట్ల మీద కనిపించే తెల్లదోమలలో ముఖ్యమైనవి ఇక్కడ పుట్టినవి కావు. మొదట వచ్చింది సర్పిలాకార తెల్లదోమ. ఆకు అడుగున మెలికలు తిరిగే గీతల్లో తెల్లటి మైనంతో కలిపి గుడ్లు పెడుతుంది కాబట్టి ఆ పేరు. మధ్య అమెరికా, కరీబియన్ ప్రాంతానికి చెందిన ఈ పురుగు మన దేశంలో 1993లో కేరళలో కర్రపెండలం మీద బయటపడింది. కొన్నేళ్లలోనే దక్షిణాదిన జామచెట్లను పట్టి పీడించింది. రెండోది రుగోస్ సర్పిలాకార తెల్లదోమ. ఇది కూడా మధ్య అమెరికా నుంచే వచ్చింది. 2004లో బెలీజ్ నుంచి శాస్త్రలోకానికి పరిచయమైంది, 2009లో ఫ్లోరిడా చేరింది, 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి కొబ్బరితోటల్లో కనిపించింది. అదే ఏడాది చివరికి గోదావరి జిల్లాలకు వచ్చేసింది. మామూలు తెల్లదోమకు దాదాపు మూడింతలు పెద్దది, బద్ధకంగా ఎగురుతుంది. కొబ్బరి, జామ, అరటి, మామిడి, సపోటా, బాదం, ఏదైనా దానికి అభ్యంతరం లేదు. ఆ వెనుకే 2018 నుంచి గూడు కట్టే చిన్న తెల్లదోమలు రెండు రకాలు దేశంలోకి వచ్చి కొబ్బరి మీద చేరాయి. ఒకే మట్టకు రెండు మూడు జాతులు పట్టి ఉండటం ఇప్పుడు వింత కాదు.

ఇంత బద్ధకపు పురుగు ఇన్ని ఊళ్లు ఎలా దాటిందనే ప్రశ్న సహజం. అది రెక్కల మీద దాటలేదు, మొక్కల లారీల మీద దాటింది. రాష్ట్రంలో దీన్ని మొదట్లో గుర్తించిన చోట్లలో కడియం ప్రాంతపు నర్సరీలు ఉన్నాయి. విశాఖలో ఏ కొత్త కాలనీ వెలసినా, ఏ పార్కు వేసినా మొక్కలు ఎక్కువగా అటునుంచే వస్తాయి. పైగా 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరంలో చెట్లను నేలకూల్చింది. ఆ పచ్చదనాన్ని తిరిగి నిలబెట్టాలనే ఆరాటంతో ఏళ్లతరబడి మొక్కలు తెచ్చి నాటారు. నాటడం తప్పు కాదు. ఆకు తిప్పి చూడకుండా లారీ నుంచి దించడమే తప్పు. కొత్త మొక్కను పాత చెట్లకు దూరంగా రెండు మూడు వారాలు ఉంచి, ఆకుల అడుగున తెల్లటి మెలికలు లేవని తేలాక నాటితే సగం బాధ గుమ్మం బయటే ఆగిపోతుంది.

ఇక శత్రువుల మాట. తెల్లదోమకు అసలైన మృత్యువు ఎన్కార్సియా అనే కందిరీగ జాతి. మనిషిని కుట్టే కందిరీగ కాదు, ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఆకు మీద నలకలా కనిపిస్తుంది. ఇలాంటి కీటకాలను మన వ్యవసాయ శాఖ కరపత్రాలు బదనికలు అంటాయి. చెట్టును ఆశ్రయించి దాని రసం పీల్చి బతికే బదనిక మొక్కలాగే ఇదీ మరో ప్రాణి లోపల బతుకుతుంది. తల్లి బదనిక తెల్లదోమ పిల్లను మీసాలతో తడిమి చూసి, తగినదనుకుంటే ఒంట్లో గుడ్డు పెడుతుంది. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల లోపలినుంచి తినుకుంటూ పెరిగి, ఖాళీ పెంకుకు రంధ్రం చేసుకుని బయటికి వస్తుంది.

సర్పిలాకార తెల్లదోమ మన దేశానికి వచ్చినప్పుడు దాని బదనికలు కూడా వెనకాలే వచ్చాయి. ఎవరూ తేలేదు. పురుగు పట్టిన మొక్కల్లోనే దాక్కుని లక్షద్వీప్ చేరాయి. మినికాయ్ దీవిలో వాటిని గమనించిన బెంగళూరు జీవ నియంత్రణ శాస్త్రవేత్తలు అక్కడినుంచి ప్రధాన భూభాగానికి తెచ్చి వదిలారు. ఆ సంస్థ నేటి పేరు జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ. వాటిలో ఒకటి ఎన్కార్సియా గ్వాడలూపే. కరీబియన్‌లోని గ్వాడలూప్ దీవి దాని పేరులోనే ఉంది. జామచెట్లను వేధించిన తెల్లదోమ ఆ తర్వాత అణగిపోయింది, జనం దాన్నీ దాని శత్రువునీ మరచిపోయారు. కానీ బదనిక మాత్రం దక్షిణాది పెరళ్లలో, రోడ్ల పక్కన బాదం చెట్లలో, ఎవరూ పట్టించుకోని కలుపు మొక్కల్లో తక్కువ సంఖ్యలో బతుకుతూనే ఉంది. 2016లో రుగోస్ తెల్లదోమ వచ్చినప్పుడు అదే బదనిక దాని మీదకీ మళ్లింది. మందు తక్కువగా వాడిన తోటల్లో సగానికి పైగా పిల్లలను అదే చంపుతున్నట్టు శాస్త్రవేత్తలు లెక్కించారు. ఎన్నో ఏళ్ల కిందటి ఒక పని ఫలం, అడగకుండానే, కొత్త ఆపదకు అక్కరకొచ్చింది. ఇలాంటి ఆస్తి ఊరి చెట్ల మీద ఉందన్న సంగతి తెలియకపోవడం వల్లనే దాన్ని మందు డబ్బాతో తగలేస్తున్నారు.

బదనిక ఉందో లేదో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. పదింతలు పెద్దదిగా చూపించే భూతద్దం ఉంటే చాలు. ఆకు అడుగున ఎండిపోయిన కోశస్థ పెంకులను చూడాలి. తెల్లదోమ క్షేమంగా పెరిగి ఎగిరిపోతే పెంకు వీపు ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో చీలి ఉంటుంది. బదనిక బయటికి వస్తే మేకుతో పొడిచినట్టు గుండ్రటి రంధ్రం ఉంటుంది. ఆ రెండు గుర్తులూ ఒకదానితో ఒకటి కలవవు. బదనిక ఇంకా లోపలే ఉంటే పాలిపోయిన పిల్లల మధ్య ఆ ఒక్కటి ముదురు రంగులో కనిపిస్తుంది. ఒక్కో ఆకులో ఇరవై పెంకుల చొప్పున నాలుగైదు ఆకులు చూసి గుండ్రటి రంధ్రాలు ఎన్ని, చీలికలు ఎన్ని అని లెక్కపెట్టాలి. వారం పది రోజుల తర్వాత మళ్లీ చూడాలి. రంధ్రాల వాటా పెరుగుతుంటే చెట్టు తన బాగు తాను చూసుకుంటోంది, ఆకులు ఇంకా నల్లగా ఉన్నా సరే. మసి నెమ్మదిగా పోతుంది, పురుగు ముందే పోతుంది. ఈ వరుస తెలియనివారు నల్లటి ఆకును చూసి, తగ్గుముఖం పట్టిన చెట్టుకే మందు కొడతారు.

గమనించే కన్ను ఎంత విలువైనదో ఎన్కార్సియా చరిత్రే చెబుతుంది. 1926లో ఇంగ్లండులో టమాటాలు పెంచే ఒక వ్యక్తి తెల్లదోమ పిల్లల్లో కొన్ని నల్లగా ఉండటం చూసి శాస్త్రవేత్తలకు చూపించాడు. ఆ నల్లటి పెంకుల నుంచి వచ్చిందే ఎన్కార్సియా ఫార్మోసా. ఛెషంట్ పరిశోధన కేంద్రం దాన్ని పెంచి రైతులకు పంచింది, కెనడా, ఆస్ట్రేలియాల వంటి దూరదేశాలకూ పంపింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డీడీటీ వంటి మందులు చేతికి రాగానే దాన్ని పక్కన పెట్టారు. పురుగులు ఆ మందులకు లొంగడం మానేశాక మళ్లీ ఆ బదనిక దగ్గరికే వచ్చారు.

బదనికలు ఒక్కటే కాదు. అక్షింతల పురుగులు, వాటి పిల్లలు తెల్లదోమ గుడ్లను, పిల్లలను తింటాయి. అల్లిక రెక్కల పురుగు పిల్లలు మరీ ఆకలిగొండివి. అయితే వీటికి ఒక కష్టం ఉంది, చూడటానికి శత్రువుల్లాగే ఉంటాయి. పిండినల్లిని తినే ఒక అక్షింతల పురుగు పిల్ల ఒంటినిండా తెల్లటి మైనపు పోగులతో అచ్చం పెద్ద పిండినల్లిలాగే ఉంటుంది. కొబ్బరి మీద పనికొచ్చే అల్లిక రెక్కల పురుగు పిల్ల తాను తిన్న పురుగుల పెంకులను, మైనాన్ని వీపు మీద మూటలా మోసుకు తిరుగుతుంది. కదిలే చెత్తకుప్పలా కనిపించే దాన్ని జనం వేలితో నలిపేస్తారు. గుర్తుంచుకోవలసింది ఇంతే, తెల్లదోమ పిల్ల కదలదు. తెల్లగా ఉండి చురుగ్గా నడుస్తున్నదేదైనా ఉంటే అది చాలావరకు మన పక్షమే. కోనసీమలోని అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం ఈ అల్లిక రెక్కల పురుగును పెంచి, గుడ్లున్న కాగితపు ముక్కలుగా కొబ్బరి రైతులకు అందిస్తోంది. వాటిని ఆకుల అడుగున పిన్ను కొడితే చాలు.

మందు ఎందుకు ఎదురు తిరుగుతుందన్న విషయం తెలుగు నేలకు పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసినది కాదు. 1980ల మధ్యలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి పొలాల్లో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు విరివిగా వాడిన తర్వాత తెల్లదోమ విరుచుకుపడింది. కాయతొలుచు పురుగు కోసం కొట్టిన మందు మరో పురుగుకు మేలు చేసింది. దాని శత్రువులు చచ్చాయి, అది బతికింది. ఆ నష్టం రైతుల ప్రాణాల దాకా వెళ్లింది. పెరటి జామచెట్టుకు అంత భయంకరమైన కథ లేదు కానీ లెక్క మాత్రం అదే. పిచికారీ చేసినప్పుడు పెద్ద తెల్లదోమలు కొన్ని రాలతాయి, చూసేవారికి తృప్తిగా ఉంటుంది. మైనపు కవచం కింద పిల్లలు, గుడ్లు మిగిలిపోతాయి. కవచం లేని బదనిక మొదటి తుంపరకే చస్తుంది. తెల్లదోమ మళ్లీ లేస్తుంది, బదనిక అంత త్వరగా లేవలేదు, ఎందుకంటే తినేది పెరిగాక గానీ తినేవారు పెరగలేరు. దాంతో రెండోసారి మందు, మూడోసారి ఇంకా ఘాటైన మందు. అన్నిటికంటే బాధాకరం, ఆ జామకాయలు తినేది ఆ ఇంటి పిల్లలే.

మసిని తెగులుగా భావించి శిలీంధ్రనాశక మందు కొట్టడం మరో పొరపాటు. దానివల్ల తెల్లదోమకు ఏమీ కాదు. కానీ తెల్లదోమను చంపే శిలీంధ్రం ఒకటుంది, ఐసేరియా ఫ్యూమొసొరోసియా, అది చచ్చిపోతుంది. ఈ శిలీంధ్రపు బీజాలు పురుగు ఒంటిపై మొలిచి లోపలికి దిగుతాయి. మైనాన్ని దాటడానికి దీనికి నోరు, కాళ్లు అక్కర్లేదు, తేమ ఉంటే చాలు. ఈ విషయంలో విశాఖ అదృష్టవంతురాలు. ఏడాదిలో ఎక్కువ భాగం సముద్రపు గాలి తేమను మోసుకొస్తూనే ఉంటుంది. ఉక్కపోత అని మనుషులు విసుక్కునే సాయంత్రాలే ఈ శిలీంధ్రానికి పండుగ. ఎండలోని అతినీలలోహిత కిరణాలు బీజాలను చంపుతాయి కాబట్టి పొద్దు వాలాక, ఈ శిలీంధ్రాన్ని లీటరు నీటికి 5 గ్రాముల చొప్పున కలిపి, ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. అంబాజీపేట కేంద్రం దీన్ని కూడా తయారు చేస్తోంది.

రేవు దుమ్ము ప్రస్తావనతో మొదలైంది కనుక దాని అసలు పాత్ర కూడా చెప్పాలి. ఆకును నల్లబరిచే నేరం ప్రతిచోటా దుమ్ముది కాకపోయినా అది మరో నేరం చేస్తుంది. మిల్లీమీటరు బదనికకు దుమ్ము పట్టిన ఆకు రాళ్లగుట్టలాంటిది. నడక సాగదు, ఒంటికి అంటిన పొడి దులుపుకోవడంలోనే పొద్దు గడిచిపోతుంది, గీరుకున్న చర్మం నుంచి తేమ పోతుంది. కాలిఫోర్నియా నిమ్మజాతి తోటల్లో మట్టిబాటల పక్క చెట్లకే పొలుసు పురుగు ఎక్కువగా పట్టడానికి కారణం ఇదేనని దశాబ్దాల కిందటే తేల్చారు. గాజువాక వైపో జాతీయ రహదారి అంచునో ఉన్న చెట్టుకు తెల్లదోమ ఉద్ధృతంగా ఉంటే మందు కంటే ముందు నీళ్లు కావాలి. గొట్టంతో ఒత్తిడిగా ఆకు అడుగున కొట్టిన నీళ్లు దుమ్మును కడుగుతాయి, పాకే పిల్లలను, పెద్ద తెల్లదోమలను రాలుస్తాయి. వానలు చేసే పని కూడా అదే. అందుకే వానాకాలంలో తగ్గే తెల్లదోమ చినుకు లేని పొడి నెలల్లో విజృంభిస్తుంది.

చీమల సంగతి చాలామంది గమనించరు. తేనెమంచు కోసం చెట్టెక్కే చీమలు ఆ తీపి ఇచ్చే పురుగులకు కాపలా కాస్తాయి, అక్షింతల పురుగులనూ బదనికలనూ తరిమేస్తాయి. నేలకు తాకే కొమ్మలు కత్తిరించి, మొదలు చుట్టూ జిగురు పూసిన పట్టీ కడితే కాపలా తొలగిపోతుంది.

నిమ్మ, బత్తాయి చెట్లకు పట్టే నల్లటి తెల్లదోమ వైరుధ్యం పేరులోనే ఉంది. పెద్ద పురుగు బూడిద నీలం రంగులో, పిల్లలు మెరిసే నల్ల గింజల్లా ఉంటాయి. ఇది మాత్రం ఆసియాదే. మెక్సికో నిమ్మజాతి తోటలను ఇది ముంచెత్తినప్పుడు, 1949, 1950లలో భారత్, పాకిస్తాన్‌లలో వెతికి పట్టుకున్న బదనికలను అక్కడికి తీసుకెళ్లారు. 1976లో ఫ్లోరిడాలో అదే పురుగు మళ్లీ కనిపించినప్పుడు వాటినే వదిలి అణచారు. మన తోటల్లో ఊరికే దొరికే ప్రాణులను సముద్రాలు దాటించి తీసుకెళ్లారంటే వాటి విలువ అంత. విశాఖ పెరటి నిమ్మచెట్టు మీద నల్లగింజలు కనిపిస్తే ముందు గుండ్రటి రంధ్రాల కోసం వెతకడం అందుకే అవసరం.

ఉద్ధృతి మరీ ఎక్కువై, రంధ్రాలు ఏమాత్రం కనిపించనప్పుడు చేతులు ముడుచుకుని కూర్చోమని కాదు. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నూనె నీటిలో కలిసేందుకు కొద్దిగా సబ్బు కలిపి, ఆకు అడుగున కొట్టవచ్చు. పసుపు రంగు అట్టలకు ఆముదం పూసి చెట్టుకు కడితే పెద్ద పురుగులు అంటుకుంటాయి. అయితే వాటిని నెలల తరబడి వదిలేస్తే మిత్రులు కూడా చిక్కుతాయి. నల్లబడిన ఆకుల మీద పలచటి గంజి చల్లితే, ఎండకు ఆరి పెచ్చులుగా లేచినప్పుడు మసి కూడా దానితో పాటే ఊడివస్తుంది. చెట్టు మీద సగం మాత్రమే పిచికారీ చేసి, తక్కిన సగాన్ని బదనికలకు వదలడం ఇంకా మేలు.

పురుగు పట్టిన కొమ్మలు కత్తిరించాక వెంటనే కుప్పపోసి కాల్చేయడం విశాఖ అపార్టుమెంట్లలో మామూలు. ఆ ఆకుల్లో ముదురు రంగు పెంకులు ఉంటే వాటిలో ఇంకా బయటికి రాని బదనికలు ఉన్నట్టే. అలాంటి ఆకులను ఏరి, ఎండ తగలని చోట కొత్తగా పురుగు పట్టిన చెట్టు కొమ్మకు దారంతో కట్టి వేలాడదీయాలి. తెగిన ఆకు వాడిపోతే దాని మీది తెల్లదోమ పిల్లలు ఆకలికి చస్తాయి. పెంకులో ఎదుగుదల పూర్తి చేసుకున్న బదనికకు ఆ రసంతో పనిలేదు. కొద్ది రోజుల్లో అది గుండ్రటి రంధ్రం చేసుకుని, పక్కనున్న పచ్చటి ఆకు అడుగుకు చేరుతుంది.